ఎవరూ ఫోను చేయనక్కరలేదు

1999 ఏప్రిల్ 29 రాత్రి ఢిల్లీలో, కుతుబ్ మీనార్‌కు దగ్గరలోని ఒక రెస్టారెంటులో జెసికా లాల్ అనే యువతిని కాల్చి చంపారు. బార్ మూసేశాం, మందు ఇవ్వలేం అని చెప్పడమే ఆమె చేసిన తప్పు. కాల్చినవాడు మనూ శర్మ. తండ్రి వినోద్ శర్మ కేంద్రంలో మంత్రిగా చేసిన కాంగ్రెస్ నాయకుడు. ఆ రాత్రి మనూ వెంట ఉన్నవాళ్లలో వికాస్ యాదవ్ ఒకడు. అతను ఉత్తరప్రదేశ్‌లో పలుకుబడి గల డి.పి. యాదవ్ కొడుకు. సాక్ష్యాలను మాయం చేసిన కేసులో వికాస్ నిందితుడయ్యాడు, బెయిలు వచ్చింది. ఆ బెయిలు మీద బయట ఉండగానే, 2002 ఫిబ్రవరిలో గాజియాబాద్‌లో ఒక పెళ్లికి వచ్చిన నితీశ్ కటారా అనే యువకుడిని అక్కడి నుంచి తీసుకుపోయి చంపాడు. నితీశ్ తన సోదరిని ప్రేమించడం అతనికి నచ్చలేదు.

ఈ రెండు హత్యలూ మనకు రెండు వేర్వేరు కేసులుగా గుర్తుంటాయి. వరుసలో పెట్టి చూడాలని నా అభిప్రాయం. బెయిలు ఇవ్వడమే తప్పని నేను అనను, విచారణ తేలేదాకా ఎవరినైనా జైల్లో ఉంచాలనుకునేవాణ్ని కాను. కానీ ఆ మూడేళ్లలో వికాస్ యాదవ్ కళ్ల ముందు ఏం జరిగింది? కాల్పులకు వాడిన పిస్టల్ దొరకలేదు. 2001లో సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ముఖ్య సాక్షి, ఫిర్యాదు హిందీలో రాశారు, నాకు హిందీ రాదు అంటూ ప్లేటు ఫిరాయించాడు. అంతమంది అతిథుల మధ్య ఒక మనిషిని కాల్చినా ఏమీ కాదని వికాస్ కోర్టు హాల్లో కూర్చుని ప్రత్యక్షంగా నేర్చుకున్నాడు. పలుకుబడి గలవాడి కొడుకును వదిలేస్తే ఒక కేసు నీరుగారుతుంది, అంతేగా అనుకుంటాం. నితీశ్ తల్లి నీలమ్ కటారాకు ఆ మాట చెప్పి చూడండి.

జెసికా కేసులో 2006 ఫిబ్రవరిలో కింది కోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసినప్పుడు దేశమంతా కోపం వచ్చింది. కొవ్వొత్తులు వెలిగాయి, పత్రికలు రాశాయి. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు మనూ శర్మకు యావజ్జీవం వేసింది, 2010లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ కథ చివరికి సుఖాంతమైనట్టు చెప్పుకుంటాం. అప్పట్లో కోపమంతా న్యాయమూర్తి మీద, సాక్షుల మీద పోయింది. నా దృష్టిలో న్యాయస్థానం ఈ కథలో ఆఖరి మజిలీ. అసలు పని చాలా ముందే, పోలీస్ స్టేషన్లో, మొదటి కొన్ని గంటల్లో అయిపోతుంది. ఆయుధం దొరకని కేసు, ఆలస్యంగా తీసిన రక్త నమూనా, తప్పుగా వేసిన సెక్షను కోర్టుకు చేరాక ఎంత గొప్ప న్యాయమూర్తి అయినా చేయగలిగేది తక్కువ.

సెక్షను అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణం అంతా అక్కడే ఉంది. తాగి కారు నడిపి ఒకరిని చంపేశారనుకుందాం. పాత శిక్షాస్మృతిలో 304ఏ కింద రాస్తే అది నిర్లక్ష్యం: గరిష్ఠంగా రెండేళ్లు, పైగా బెయిలు ఇవ్వదగిన నేరం. 304 రెండో భాగం కింద రాస్తే, ప్రాణం పోవచ్చని తెలిసీ చేసిన పని: పదేళ్ల దాకా శిక్ష, బెయిలు సులువుగా రాదు. 2024 జులై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో వీటి నంబర్లు 106, 105గా మారాయి, నిర్లక్ష్యానికి శిక్ష ఐదేళ్ల దాకా పెరిగింది. కానీ ఆ రెండింటి మధ్య ఏది రాయాలన్నది ఇప్పటికీ ముందుగా నిర్ణయించేది స్టేషన్లో ఉన్న అధికారే. అతను ఆ రాత్రి బ్రీత్ అనలైజర్‌తో పరీక్షించాడా, రక్తం ఎప్పుడు తీయించాడు, డ్రైవరు సీట్లో ఎవరున్నారని ఎవరిని అడిగాడు? రక్తంలో మద్యం గంట గంటకూ తగ్గిపోతుంది. వంద మిల్లీలీటర్లకు ముప్ఫై మిల్లీగ్రాములు దాటితే నేరం. పొద్దున్న పదింటికి తీయిస్తే ఆ రాత్రి ఎంత తాగినా చాలా సందర్భాల్లో దాటదు. ఎవరూ ఏ కాగితమూ చించలేదు, ఎవరూ లంచం తీసుకున్నట్టు రుజువు లేదు. కొంచెం ఆలస్యమైంది, అంతే.

ఇక ఢిల్లీ వదిలి మన దగ్గరికి వద్దాం. 2023 డిసెంబరు 23 అర్ధరాత్రి దాటాక బేగంపేటలో ప్రజాభవన్ ముందు బారికేడ్లను ఒక బీఎండబ్ల్యూ కారు ఢీకొట్టింది. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. నేనే నడిపానని ఒక మనిషి ముందుకొచ్చాడు, అతని మీద కేసు రాశారు. తర్వాత సీసీ కెమెరాల దృశ్యాలు చూసి, నడిపింది బోధన్ మాజీ ఎమ్మెల్యే కుమారుడని పోలీసులే తేల్చారు. అప్పటికి అతను దుబాయిలో ఉన్నాడు. పంజాగుట్ట ఇన్‌స్పెక్టరును సస్పెండ్ చేశారు, తర్వాత అరెస్టు కూడా చేశారు. 2024 జనవరి చివరి రోజున హైదరాబాద్ కమిషనరు ఆ స్టేషన్లో ఉన్న దాదాపు మొత్తం సిబ్బందిని, ఎనభై మందికి పైగా, ఒకే ఉత్తర్వుతో బదిలీ చేశారు. అలాంటి ఉత్తర్వు నేను అంతకుముందు వినలేదు.

కేసు న్యాయస్థానంలో ఉంది కాబట్టి ఆ యువకుడు దోషా కాదా అన్నది నేను తేల్చను. నన్ను వదలనిది ఆ రెండో మనిషి సంగతి. నేనే నడిపాను అని చెప్పిన వ్యక్తి. ఆ మాట చెప్పమని అతన్ని ఎవరు అడిగారు, ఎలా అడిగారు, ఏం ఇస్తామన్నారు? నాయకుల ఇళ్లలో పనిచేసే డ్రైవర్లకు, పనివాళ్లకు ఇది జీతంతో పాటు వచ్చే బాధ్యతగా మారిపోయిందని అనిపిస్తుంది. 2022 మార్చిలో జూబ్లీహిల్స్‌లో ఎమ్మెల్యే స్టిక్కరు ఉన్న ఒక వాహనం రోడ్డు మీద బెలూన్లు అమ్ముకునే వలస కుటుంబాన్ని గుద్ది, రెండు నెలల పసికందు చనిపోయినప్పుడు కూడా, నడిపింది నేనేనంటూ వేరే మనిషి లొంగిపోయాడు. ప్రజాభవన్ సంగతి బయటపడ్డాక పోలీసులు ఆ పాత కేసునూ తిరగతోడి, అదే మాజీ ఎమ్మెల్యే కుమారుణ్ని నిందితుడిగా చేర్చారు.

ఇక్కడ ఇంకో ప్రశ్న అడగకుండా ఉండలేను. 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారకపోయి ఉంటే ఆ పసికందు కేసు మళ్లీ తెరుచుకునేదా?

నాకు నమ్మకం లేదు. నిజంగా లేదు. ఈ అపనమ్మకమే ఆ మాజీ ఎమ్మెల్యే కుటుంబానికి అనుకూలమైన వాదనగా కూడా మారిపోతుంది. చూశారా, కక్ష సాధింపు అంటారు. ఈ మాటను కొట్టిపారేయలేం. 2019 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో అధికారం మారిన కొద్ది రోజులకే నరసరావుపేట, సత్తెనపల్లి స్టేషన్లలో ఒక మాజీ స్పీకర్ పిల్లల మీద వసూళ్ల ఫిర్యాదులు వరసగా నమోదయ్యాయి. జనం దానికి ఒక పన్ను పేరు కూడా పెట్టారు. అవి నిజమైన ఫిర్యాదులైతే అంతకుముందు ఐదేళ్లు స్టేషన్ గుమ్మం ఎందుకు ఎక్కలేదు? ఎక్కి ఉంటే ఎందుకు రాయలేదు? అబద్ధమైన ఫిర్యాదులైతే ప్రభుత్వం మారగానే అన్ని ఎలా పుట్టుకొచ్చాయి? రెండింటిలో ఏది నిజమైనా తేలేది ఒకటే: స్టేషన్ ఎన్నికల ఫలితాలను బట్టి నడిచింది. నాయకుడి కొడుకును కాపాడే పోలీసూ, మరునాడు అదే కొడుకును వేధించే పోలీసూ వేర్వేరు మనుషులు కారు. చాలాసార్లు ఒకే స్టేషన్, ఒకే కుర్చీ. అందుకే మావాళ్లను వేధించారు అని గోల చేసే పార్టీ, తను అధికారంలో ఉన్నప్పుడు ఈ యంత్రాన్ని విప్పి ఎందుకు బాగుచేయలేదో అడగాలి. ఏ పార్టీ అని నన్ను అడగకండి. మన రెండు రాష్ట్రాల్లో అధికారం చేసిన పార్టీలన్నీ ఆ వరసలో నిలబడాల్సిందే.

యంత్రం ఎలా పనిచేస్తుంది? పైనుంచి ఫోను వస్తుంది అని అందరం అనుకుంటాం. పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన మా బంధువు ఒకాయన ఉన్నారు. వరసకు బాబాయి అవుతారు. ఒకసారి నేను ఇదే అంటే నవ్వి, "ఒరేయ్, ఫోను వస్తే నయం. వచ్చింది అని రాసుకోవచ్చు, కాదనవచ్చు, ధైర్యం ఉంటే పైవాళ్లకు చెప్పుకోవచ్చు. ఫోను రాకపోతేనే కష్టం. పెద్దాయన మనసులో ఏముందో మనమే ఊహించుకొని చేయాలి" అన్నారు. ఆయన పోస్టింగుల గురించి చెప్పిన సంగతులు రాస్తే ఇది ఇంకో వ్యాసం అవుతుంది. సీఐగా, ఎస్సైగా ఫలానా స్టేషన్ కావాలంటే నియోజకవర్గం ఎమ్మెల్యే సిఫార్సు లేఖ ఉండాలన్నది మన రెండు రాష్ట్రాల్లో ఎవరూ దాచని రహస్యం. లేఖ లేనివాడు లూప్‌లైన్లోకి, అంటే ప్రాధాన్యం లేని పోస్టులోకి పోతాడు, లేదా వీఆర్‌లో నెలల తరబడి పోస్టింగు లేకుండా కూర్చుంటాడు. పిల్లల చదువులు, ఇంటి అద్దె, సొంత ఊరికి దూరం, అన్నీ ఆ లేఖ చుట్టూ తిరుగుతాయి. అలాంటి మనిషి ముందు అర్ధరాత్రి ఒంటిగంటకు ఎమ్మెల్యే కొడుకు నిలబడితే ఫోను దేనికి?

ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపుర్ ఖేరీలో ఏ ఫోన్లు వెళ్లాయో, అసలు వెళ్లాయో లేదో మనకు తెలియదు. 2021 అక్టోబరు 3న నిరసన తెలిపి తిరిగి వెళ్తున్న రైతుల మీదికి వాహనాలు దూసుకెళ్లాయి. ఆ రోజు మొత్తం ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో నలుగురు రైతులు, ఒకరు విలేకరి. నిందితుడిగా పేరున్న ఆశిష్ మిశ్రా అప్పటి కేంద్ర హోం శాఖ సహాయమంత్రి కుమారుడు. హత్య కేసులో పేరున్న మనిషిని పోలీసులు ఏం చేశారు? వచ్చి కనబడమని ఇంటి గోడకు నోటీసు అంటించారు. అక్టోబరు 8న సుప్రీంకోర్టులో మన తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం దీన్నే పట్టుకుంది. మిగతా హత్య కేసుల్లో నిందితులను కూడా ఇలాగే, దయచేసి రండి అని పిలుస్తారా అని అడిగింది. మర్నాడు అరెస్టు జరిగింది. చట్టం అదే, ఆధారాలు అవే. మారింది ఒక్కటే, ఎవరు చూస్తున్నారన్నది. 2022 ఫిబ్రవరిలో అలహాబాద్ హైకోర్టు ఇచ్చిన బెయిలును, బాధితుల మాట వినకుండా ఇచ్చారంటూ ఏప్రిల్లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. తర్వాత షరతులతో బెయిలు వచ్చింది, విచారణ ఇంకా సాగుతోంది. ఇక్కడా అతను దోషి అని నేను అనడం లేదు. తండ్రి మాత్రం 2024 ఎన్నికల్లో ఓడిపోయేదాకా అదే హోం శాఖలో మంత్రిగా కొనసాగారు. కేసు దర్యాప్తు రాష్ట్రానిది, కేంద్ర హోం శాఖకు సంబంధం లేదు అని వాదించినవాళ్లు నాకు తెలుసు. కాగితం మీద నిజమే. ఇన్‌స్పెక్టరు మనసులో మాత్రం అది నిజం కాదు.

నోటీసు ఇవ్వడం కూడా మంచి ఉద్దేశంతో వచ్చిందే. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో ఎడాపెడా అరెస్టు చేయవద్దని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. ఆ మర్యాద నాయకుడి మేనల్లుడికి కుర్చీతో, కాఫీతో సహా దక్కుతుంది. ఆటో డ్రైవరుకు దక్కదు. అతను లాకప్‌లోనే కూర్చుంటాడు, ఎందుకంటే అతని తరఫున ఆ తీర్పు పేరు చెప్పేవాళ్లు ఆ గదిలో ఎవరూ ఉండరు.

అండ లేనివాళ్ల మాట వచ్చింది కదా. ఇబ్రహీంపట్నం కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఆ ఊళ్లో ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. నెలలు గడిచాక, 2008 ఆగస్టులో ఒక పేద యువకుణ్ని అరెస్టు చేశారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసి, లక్ష రూపాయలు పరిహారం ఇవ్వమంది. ఆ లక్షను అతను లోపల గడిపిన రోజులతో భాగిస్తే రోజుకు ఎంత పడుతుందో లెక్క వేయాలనిపించలేదు. అమ్మాయి తల్లిదండ్రులు మొదటి నుంచీ అతను హంతకుడు కాడనీ, పలుకుబడి గలవాళ్లను తప్పించారనీ చెబుతూ వచ్చారు. వాళ్ల అనుమానం నిజమో కాదో చెప్పే ఆధారం నా దగ్గర లేదు, ఎవరి పేరూ రాయను. ఒకటి మాత్రం హైకోర్టు తీర్పులోంచే తేలిపోతుంది: దర్యాప్తుకు ఒక మనిషి కావాల్సి వచ్చింది, దొరికినవాడు ఎవరి అండా లేనివాడు. బారికేడ్ల కేసులో డబ్బుకో, భయానికో ఒప్పుకున్న మనిషి ఆ ఖాళీని పూరిస్తే, ఇక్కడ ఒప్పుకోని మనిషితో పూరించారు. పక్షపాతం అంటే పెద్దవాణ్ని వదిలేయడం అనుకుంటాం. ఆ వదిలేసిన చోటు ఖాళీగా ఉండదు.

శిక్ష పడ్డాక కూడా ఈ తేడా ఆగదు. 2009 సెప్టెంబరులో తల్లికి ఒంట్లో బాగాలేదనీ, నాయనమ్మ కర్మకాండలనీ, కుటుంబ వ్యాపారమనీ చెప్పి మనూ శర్మ పెరోల్ అడిగితే ఢిల్లీ ప్రభుత్వం ఇచ్చింది. ఆయన ఢిల్లీ నైట్ క్లబ్బులో కనిపించాడు. బాగాలేని తల్లి చండీగఢ్‌లో ఒక కార్యక్రమంలో కనిపించారు. గొడవయ్యాక తిరిగి తీహార్‌కు వెళ్లాడు. 2020లో శిక్ష సమీక్ష మండలి సిఫార్సుతో విడుదలయ్యాడు. ఈ విడుదలను నేను తప్పుపట్టను. జైల్లో అతని ప్రవర్తన బాగుందన్నారు, జెసికా చెల్లెలు సబ్రీనాయే తనకు అభ్యంతరం లేదని 2018లో రాసిచ్చింది. ఆవిడకంటే ఎక్కువగా కోపం తెచ్చుకునే హక్కు నాకెక్కడిది? అదే మండలి ముందు, అంతే మంచి ప్రవర్తనతో, ఎవరూ పట్టించుకోని ఖైదీల దస్త్రాలు ఎంత కాలం ఆగుతాయన్నదే నా సందేహం. వికాస్ యాదవ్ సంగతి వేరు. జైల్లో ఉంటూ మాటిమాటికీ ఆసుపత్రికి వెళ్లివచ్చిన తీరును ఢిల్లీ హైకోర్టు 2015 తీర్పులో గట్టిగా తప్పుపట్టింది. 2016లో సుప్రీంకోర్టు అతనికి శిక్ష తగ్గింపు లేకుండా ఇరవై ఐదేళ్లు ఖాయం చేసింది. ఇదంతా జరగడానికి కారణం నీలమ్ కటారా. గాజియాబాద్‌లో విచారణ నడిస్తే తేలదని 2002లోనే సుప్రీంకోర్టుకు వెళ్లి కేసును ఢిల్లీకి మార్పించుకున్నారు. అప్పటి నుంచి ప్రతి పెరోల్‌కూ, ప్రతి బెయిలుకూ అడ్డుపడుతూ వచ్చారు. ఒక తల్లి తన శేష జీవితమంతా పెడితే తప్ప కదలని వ్యవస్థను చూసి, చివరికి న్యాయం గెలిచింది అని చప్పట్లు కొట్టడం నాకు చేతకాదు.

ఇప్పుడు మన సంగతి. శనివారం రాత్రి డ్రంకెన్ డ్రైవ్ తనిఖీ దగ్గర కాసేపు నిలబడి చూడండి. బైకులు ఆగుతాయి, ఆటోలు ఆగుతాయి. ముందు అద్దం మీద స్టిక్కరున్న కారు నెమ్మదిస్తుంది, కానిస్టేబుల్ ఒకసారి లోపలికి చూస్తాడు, చెయ్యి ఊపుతాడు. ఆగిన బైకువాడు ఏం చేస్తాడు? ఫోను తీసి తెలిసిన కార్పొరేటరుకో, సర్పంచికో, పార్టీలో తిరిగే బావమరిదికో కలుపుతాడు. దొరికితే ఆ ఫోను కానిస్టేబుల్ చేతికిస్తాడు. దొరకకపోతే చట్టం గురించి బాధపడతాడు. ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున్నే గుమిగూడే జనంలో ఎంతమంది మావాణ్ని స్టేషన్ నుంచి విడిపించండి అని వచ్చినవాళ్లో ఎమ్మెల్యేలను అడిగితే చెబుతారు. మనకు అలా పనికొచ్చే నాయకుణ్నే మంచివాడంటాం, పలికేవాడంటాం. అతని కొడుకుకు అదే పని జరిగినప్పుడు మాత్రం ఆశ్చర్యపోతాం. కులం కలిస్తే ఆశ్చర్యం కూడా ఉండదు, సమర్థన ఉంటుంది.

అయినా రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టే పెద్దమనిషి తరహా నాకు నచ్చదు. హెల్మెట్ చలానా తప్పించుకోవడం వేరు, పసికందు చావును వేరేవాడి నెత్తిన వేయడం వేరు. అందరం అంతేలే అనడం పెద్దవాళ్లకు చాలా ఉపయోగపడే మాట.

ఏం చేయాలో కొత్తగా కనిపెట్టనక్కరలేదు. ప్రకాశ్ సింగ్ అనే మాజీ డీజీపీ 1996లో వేసిన కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు చెప్పేసింది. స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్లు కదపని కాలపరిమితి, పోస్టింగులను అధికారుల మండలి నిర్ణయించడం, నేర దర్యాప్తును శాంతిభద్రతల పని నుంచి వేరు చేయడం, పోలీసులపై ఫిర్యాదులకు విడిగా ఒక సంస్థ. రాష్ట్రాలు వీటికి కమిటీలు వేశాయి, జీవోలు ఇచ్చాయి, అసలు పట్టు మాత్రం చేజారనివ్వలేదు. ఆ పట్టు పేరే సిఫార్సు లేఖ. ప్రజాప్రతినిధుల మీద కేసులను ప్రభుత్వాలు ఇష్టం వచ్చినట్టు ఉపసంహరించుకోకుండా, హైకోర్టు అనుమతి ఉండాలని 2021 ఆగస్టులో అదే సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. కానీ ఆ నియమం ఎంపీలకు, ఎమ్మెల్యేలకు. వాళ్ల కొడుకులకు, అల్లుళ్లకు, తమ్ముళ్లకు కూడా అదే వర్తిస్తే బాగుంటుందని నా కోరిక.

వీటిలో దేనికోసమూ ఎదురుచూడకుండా మనం అడగగలిగింది ఒకటుంది. 2020 డిసెంబరులో, దేశంలోని ప్రతి పోలీస్ స్టేషన్లో గుమ్మం నుంచి లాకప్ దాకా కెమెరాలు పెట్టాలనీ, ఆ దృశ్యాలను కనీసం ఏడాది దాచాలనీ సుప్రీంకోర్టు ఆదేశించింది. 2025 సెప్టెంబరులో, చాలాచోట్ల అవి పనిచేయడం లేదన్న వార్తలు చూసి మళ్లీ తనంతట తానే కేసు చేపట్టింది. నేను మొదటి గంటలు అంటున్నది ఆ కెమెరాల ముందే గడుస్తాయి. ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు వెనక గుమ్మం నుంచి వెళ్లిపోయారు, తెల్లారేలోపు డ్రైవరుగా ఎవరు మారారు. ఈసారి మీ ఊళ్లో అలాంటి సంఘటన జరిగితే దోషి ఎవరని అడగడానికి ముందు, ఆ రాత్రి స్టేషన్ కెమెరా దృశ్యాలు భద్రపరిచారా అని రాతపూర్వకంగా అడగండి, ఆ కాగితం అందినట్టు సంతకం తీసుకోండి. కెమెరా చెడిపోయింది అని జవాబొస్తే, ఏ తేదీన చెడిపోయిందో, బాగుచేయమని ఎవరికి రాశారో కూడా అడగండి.